గది తాళం ఎవరి దగ్గర?

కెరెన్ బ్రౌన్ విల్సన్‌కు పంతొమ్మిదేళ్లున్నప్పుడు తల్లికి పక్షవాతం వచ్చింది. ఆ తల్లికి అప్పటికి యాభై అయిదేళ్లే. ఒక పక్క పడిపోయింది, నడక పోయింది, మాట ముద్దయింది. ఇంట్లో చూసుకునే స్తోమత లేక నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. అక్కడ తిండికీ మందులకీ లోటు లేదు. అయినా కూతురు వెళ్లిన ప్రతిసారీ ఆవిడ అడిగింది ఒకటే: ఇంటికి తీసుకుపొమ్మని. కూతురు పెద్ద చదువుల్లో వృద్ధాప్యాన్నే పాఠ్యాంశంగా ఎంచుకున్నాక ఆవిడే ఇంకోమాట అడిగింది, నాలాంటి వాళ్లకు పనికొచ్చేదేదైనా చెయ్యకూడదా అని. ఏం కావాలో చెప్పమంటే ఆవిడ చెప్పిన జాబితా చాలా చిన్నది. వంటమూల, బాత్‌రూమ్ ఉన్న చిన్న ఇల్లు. అందులో తన సామాన్లు, తన పిల్లి, కాఫీ పాత్ర, విక్స్ డబ్బా. చేతకాని పనులకు సాయపడే ఒక మనిషి. పొద్దున్నే ఎవరూ తట్టిలేపకూడదు. తలుపుకు తను వేసుకోగల తాళం ఉండాలి.

అమెరికాలో ఈ రోజు 'అసిస్టెడ్ లివింగ్' పేరుతో నడుస్తున్న పెద్ద వ్యవస్థకు మూలం ఈ జాబితా. ఆరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో విల్సన్ దంపతులు 1983లో 'పార్క్ ప్లేస్' పేరిట 112 పోర్షన్ల భవనం తెరిచారు. బయటినుంచి మామూలు అపార్ట్‌మెంటే. చేర్చుకున్నది మాత్రం నర్సింగ్ హోమ్‌కి వెళ్లాల్సినంత అశక్తుల్ని. వాళ్లను రోగులనలేదు, అద్దెకున్నవాళ్లన్నారు. ప్రతి పోర్షన్‌కూ తాళం, తాళంచెవి అందులో ఉండేవాళ్ల దగ్గరే. గది ఎంత వెచ్చగా ఉండాలో, ఎప్పుడు తినాలో, ఎవర్ని లోపలికి రానివ్వాలో వాళ్లిష్టం. స్నానానికి, బట్టలకు, మందులకు సాయం ఉంటుంది. అర్ధరాత్రి ఏమైనా అయితే బటన్ నొక్కితే మనిషొస్తాడు.

దీన్ని తప్పుపట్టినవాళ్లు చాలామందే. మతిమరుపు మనిషికి పొయ్యి అప్పగిస్తారా, తలుపేసుకుని లోపల పడిపోతే ఎవరికి తెలుస్తుందని అడిగారు. అందులో అన్యాయమేమీ లేదు. అందుకే రాష్ట్ర ప్రభుత్వం అక్కడున్నవాళ్ల ఆరోగ్యాన్నీ తెలివినీ తృప్తినీ ఏళ్లపాటు గమనించింది. 1988లో ఫలితాలు బయటపెట్టారు. స్వేచ్ఛ ఇచ్చినందుకు ఎవరి ఆరోగ్యమూ దెబ్బతినలేదు. శారీరక శక్తి, మెదడు చురుకు కొంత మెరుగయ్యాయి, తీవ్రమైన దిగులు తగ్గింది. ప్రభుత్వ సాయంతో ఉన్నవాళ్ల విషయంలో ఖర్చు నర్సింగ్ హోమ్ కన్నా అయిదో వంతు తక్కువైంది. ఇంకేం, దేశమంతా పాకింది. ఇప్పుడక్కడ ఇలాంటివి ముప్ఫై వేలకు పైనే. వాటిలో దాదాపు పది లక్షల మంది ఉంటున్నారు. సగానికి పైగా 85 ఏళ్లు దాటినవాళ్లు, ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు.

ఇంతకీ ఎవరికి ఎంత సాయం కావాలో ఎలా తేలుస్తారు? సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1963లో ఒక కొలత ప్రచురించారు. అందులో ఆరే పనులు: స్నానం, బట్టలు కట్టుకోవడం, టాయిలెట్‌కి వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, అన్నం నోట్లో పెట్టుకోవడం. జబ్బు పేరు ఏదైనా కానీ, మనిషి ఒంటరిగా బతకగలడా లేదా అన్నది ఈ ఆరింటి మీద తేలుతుంది. అసిస్టెడ్ లివింగ్‌లో చేరేటప్పుడు నర్సు వచ్చి వేసే ప్రశ్నలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. రెండు మూడు పనులకు సాయం కావాలంటే ఇక్కడ చోటుంటుంది. ఆరింటికీ కావాలంటే, పక్కమీంచి లేపడానికే ఇద్దరు మనుషులు పట్టాలంటే నర్సింగ్ హోమ్ దారి చూపిస్తారు.

రోజువారీ బతుకు హాస్టలుకీ హోటలుకీ మధ్యస్థంగా ఉంటుంది. మూడుపూటలా భోజనం డైనింగ్ హాల్లో. అక్కడ ఎవరి బల్ల వాళ్లది, ఎవరి కుర్చీ వాళ్లది. కొత్తగా వచ్చినవాళ్లు తెలియక ఎవరి కుర్చీలోనైనా కూర్చుంటే బళ్లోలాగే గొడవ. మందుల బండి తోసుకుంటూ 'మెడ్ టెక్' గదిగదికీ తిరుగుతుంది. ఈమె చాలాచోట్ల నర్సు కాదు, మందులివ్వడంలో శిక్షణ పొందిన సహాయకురాలు. గది ఊడ్చడం, దుప్పట్లు ఉతకడం, డాక్టరు దగ్గరికి వ్యాన్‌లో తీసుకెళ్లి తీసుకురావడం అన్నీ సేవల పట్టికలో ఉంటాయి. 'యాక్టివిటీ డైరెక్టర్' అని ప్రత్యేకంగా ఒకరు ఉండి కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం, పాటలు, పేకాట, మొక్కల పని వగైరా కార్యక్రమాలు నెలనెలా వేస్తుంటారు. బింగో, అంటే మన తంబోలా లాంటి ఆట, మరీ ఎక్కువ. అరవయ్యేళ్లు సంసారం ఈది, లెక్కల మాస్టారుగానో బ్యాంకు మేనేజరుగానో రిటైరైన మనిషిని రోజూ బింగో ఆడమనడం వినోదమో శిక్షో వాళ్లనే అడగాలి.

ఈ విసుగు మీద ఒక డాక్టరు యుద్ధమే చేశాడు. న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ బెర్లిన్ అనే చిన్న ఊళ్లో చేజ్ మెమోరియల్ నర్సింగ్ హోమ్‌కు 1991లో బిల్ థామస్ వైద్యుడిగా వచ్చాడు. ఒంటరితనం, విసుగు, నిస్సహాయత, ఈ మూడూ జబ్బుల కన్నా ఎక్కువగా మనుషుల్ని తినేస్తున్నాయని ఆయన నిర్ణయం. రెండు కుక్కలు, నాలుగు పిల్లులు, వంద పక్షులు తెప్పించాడు. పక్షులు ముందొచ్చాయి, పంజరాలు రాలేదు. తెచ్చినవాడు వాటిని బ్యూటీ సెలూన్ గదిలో వదిలేసి తలుపు మూసి వెళ్లిపోయాడు. సిబ్బంది లోపల పక్షుల వెంట పరుగులు తీస్తుంటే అద్దాల బయట వృద్ధులు పడీపడీ నవ్వారు. రెండేళ్లు గమనించి చూస్తే పక్కఊళ్లోని అలాంటి హోమ్‌తో పోలిస్తే ఇక్కడ మందుల వాడకం సగానికి పడిపోయింది. మరణాలు నూటికి పదిహేను వంతులు తగ్గాయి. ఇందులో ఎంత పక్షుల పుణ్యమో, ఎంత ఆ డాక్టరు హుషారు పుణ్యమో విడదీయడం కష్టం. కానీ ఉదయాన్నే తన పక్షికి గింజలు వెయ్యాల్సిన మనిషికి మంచం దిగడానికి ఒక కారణం దొరికిందన్నది మాత్రం కాదనలేం.

ఇక డబ్బు సంగతి. 2024 సర్వే ప్రకారం అమెరికాలో అసిస్టెడ్ లివింగ్ ఖర్చు నెలకు మధ్యస్థంగా 5,900 డాలర్లు. ఇది అద్దె, భోజనం, కొద్దిపాటి సాయం వరకే. స్నానానికి మనిషి కావాలంటే ఒక 'లెవెల్' పెరుగుతుంది, టాయిలెట్ సాయం కలిస్తే ఇంకో లెవెల్. జ్ఞాపకశక్తి పోయినవాళ్ల విభాగం ఇంకా ఎక్కువ. అరవై అయిదు దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా ఈ ఖర్చు భరించదని తెలిసి చాలా కుటుంబాలు కంగుతింటాయి. ఆస్పత్రి, డాక్టరు, మందుల వరకే దాని పరిధి. పేదలకిచ్చే మెడికెయిడ్ చాలా రాష్ట్రాల్లో కొంత భరిస్తుంది. గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గరికి చేరిన తెలుగు తల్లిదండ్రుల పరిస్థితి మరీ ఇరకాటం. సాధారణంగా అయిదేళ్లు అక్కడ ఉంటే తప్ప మెడికెయిడ్‌కి అర్హత ఉండదు. మెడికేర్ ప్రీమియం కట్టి కొనుక్కోవాలన్నా అంతే కాలం పడుతుంది. అమ్మానాన్నల్ని తీసుకెళ్లే ముందు విమానం టికెట్ల ధర చూసినంత శ్రద్ధగా ఈ లెక్క చూసుకునేవాళ్లు తక్కువ.

'మెమరీ కేర్' అంటే అదే ప్రాంగణంలో ఒక ప్రత్యేక విభాగం. అల్జీమర్స్ వంటి జబ్బులతో జ్ఞాపకం, దిక్కు, వేళ తెలియకుండా పోతున్నవాళ్ల కోసం, అంటే డిమెన్షియా వచ్చినవాళ్ల కోసం. అసిస్టెడ్ లివింగ్‌లో ఉన్నవాళ్లలో పదిమందికి నలుగురికి ఇలాంటి జబ్బు ఉంది గనక ఈ విభాగాలు వేగంగా పెరిగాయి. విల్సన్ తల్లి కోరిన తాళం ఇక్కడికొచ్చేసరికి చెయ్యి మారుతుంది. ద్వారానికి నంబర్ల మీట ఉంటుంది, ఆ నంబరు సిబ్బందికీ బంధువులకీ తెలుసు, లోపల ఉన్నవాళ్లకు తెలియదు. కొన్ని తలుపులు తోస్తే వెంటనే తెరుచుకోవు. పదిహేను సెకన్లు అలారం మోగి, ఆ తర్వాతే తెరుచుకుంటాయి. అగ్నిప్రమాదమైతే మనుషులు చిక్కుపడకూడదు, మామూలప్పుడు ఎవరూ జారుకోకూడదు. ఆ రెండింటికీ కుదిరిన రాజీ అది.

లోపలి అమరిక వెనక చాలా ఆలోచన ఉంటుంది. నడవాలు చివర్లో గోడకి తగిలి ఆగిపోవు, తిరిగి మొదటికే చేరుస్తాయి. నడవాలనిపించిన మనిషి ఎంతసేపైనా నడవొచ్చు, దారి తప్పే ప్రశ్న లేదు. ప్రతి గది పక్కనా గోడలో చిన్న అద్దాల పెట్టె. అందులో పెళ్లిఫోటోనో, పనిచేసినప్పటి టోపీయో, మనవరాలు వేసిన బొమ్మో. గది నంబరు గుర్తుండని మనిషి ఆ ఫోటో చూసి ఇది నాదేనని లోపలికి వెళ్తారు. నేల మీద నల్లటి చాప పరిస్తే గొయ్యి అనుకుని ఆగిపోయేవాళ్లుంటారు కాబట్టి రంగులూ ఆచితూచి వాడతారు. బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో చూపిన విషయం ఒకటుంది. ముదిరిన అల్జీమర్స్ ఉన్నవాళ్లకు తెల్ల పళ్లెం బదులు ముదురు ఎరుపు పళ్లెంలో పెడితే నాలుగోవంతు ఎక్కువ తిన్నారు. తెల్ల పళ్లెంలో తెల్లటి అన్నం వాళ్ల కంటికి ఆనడం లేదు, అంతే. తిననని మొండికేస్తోందని ఇంట్లో కసురుకునే ముందు కంచం రంగు మార్చి చూడొచ్చు, ఖర్చు లేని పని.

సాయంత్రం నాలుగైదయితే వాతావరణం మారుతుంది. పగలంతా నిమ్మళంగా ఉన్నవాళ్లు చేతిసంచీ తీసుకుని తలుపు దగ్గరికి వస్తారు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళైంది, ఇంటికెళ్లాలంటారు. ఆ పిల్లలకు ఇప్పుడు మనవలుంటారు. మెదడులో పగలూ రాత్రీ తెలిపే గడియారం చెడటం, రోజంతటి అలసట, మసక వెలుతురులో నీడలు, ఇవన్నీ కలిసి చేసే పని ఇది. అక్కడివాళ్లు దీన్ని 'సన్‌డౌనింగ్' అంటారు. ఇక్కడే మంచి చోటు, చెడ్డ చోటు తేలిపోతాయి. చెడ్డచోట, నీ పిల్లలు పెద్దవాళ్లైపోయారమ్మా, మీవారు పోయి పదేళ్లైంది అని నిజం చెప్పేస్తారు, ఆవిడ ఆ చావుకబురు అప్పుడే కొత్తగా విన్నట్టు ఏడుస్తుంది. మరీ చెడ్డచోట మత్తుమందు ఇస్తారు. మంచిచోట ముందే దీపాలు వేసి వెలుతురు పెంచుతారు, తువ్వాళ్ల బుట్ట ముందుపెట్టి మడత పెట్టడానికి సాయం చెయ్యమంటారు, పిల్లల గురించి చెప్పమని అడుగుతారు.

జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ నగరంలోని బెన్‌రాత్ వృద్ధుల కేంద్రం వాళ్లు ఇంకో అడుగు వేశారు. ఇంటికెళ్లాలని బయల్దేరినవాళ్లు వెతికేది బస్సునే అని గమనించి, గేటు ముందు బస్టాపు పెట్టారు. బోర్డు, బెంచీ అన్నీ అసలువే, బస్సు మాత్రం రాదు. కాసేపు కూర్చుంటారు, ఎందుకు బయల్దేరారో మరిచిపోతారు, ఎవరో వచ్చి కాఫీ తాగుదాం రండని లోపలికి తీసుకెళ్తారు. దీని మీద వైద్యుల్లోనే తగువుంది. పెద్దవాళ్లను మోసం చెయ్యడమేనని కొందరంటారు. రోడ్డు మీద పోలీసులు వెతకాల్సి రావడం కన్నా, మంచానికి కట్టెయ్యడం కన్నా అబద్ధపు బెంచీ నయమని ఒప్పుకోక తప్పదు. అయితే, ఆ బెంచీ దగ్గరకు వెళ్లి పక్కన కూర్చునే మనిషి లేకపోతే అది వట్టి బొమ్మ.

తాళం సమస్యకు ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో పెద్దది నెదర్లాండ్స్‌లో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర వేస్ప్ అనే ఊళ్లో ఒక మామూలు నర్సింగ్ హోమ్ నడిపేవాళ్లు 1990ల్లో తమలో తాము ఒక ప్రశ్న వేసుకున్నారు: మన అమ్మానాన్నల్ని ఇక్కడ చేర్పిస్తామా? చేర్పించమనే జవాబు వచ్చింది. వారిలో ఒకరైన ఇవోన్ వాన్ అమెరోంగెన్, సహోద్యోగులు కలిసి పాత పద్ధతిని తలకిందులు చేశారు. 2009 నాటికి 'హోగెవైక్' అనే చిన్న వాడ తయారైంది. అప్పట్లో ఇరవైమూడు ఇళ్లు, ఒక్కో ఇంట్లో ఆరేడుగురు, మొత్తం 152 మంది. అందరికీ ముదిరిన డిమెన్షియానే. వీధులున్నాయి, చెట్లున్నాయి, సూపర్‌మార్కెట్, రెస్టారెంట్, థియేటర్, పబ్ ఉన్నాయి. బయటికి వెళ్లే ద్వారం ఒక్కటే, అక్కడ రిసెప్షన్. లోపల మాత్రం ఎవరింటి తలుపు వాళ్లు తీసుకుని వీధిలోకి రావొచ్చు. వంట ఏ ఇంట్లో ఆ ఇంట్లోనే, సరుకులు సూపర్‌మార్కెట్ నుంచే. సిబ్బంది తెల్లకోట్లు వేసుకోరు. ఎవరైనా ఒకే కూర మూడుసార్లు బుట్టలో వేస్తే దుకాణంలో మనిషి కంగారు పడదు, ఆమెకూ శిక్షణ ఉంది. ఇదంతా కోటీశ్వరులకని అనుకుంటే పొరపాటు. ఆ దేశపు దీర్ఘకాలిక సంరక్షణ బీమాతో, మిగతా నర్సింగ్ హోమ్‌లకు అందే నిధుల పద్ధతిలోనే నడుస్తోంది.

హోగెవైక్‌లో తెలుగువాళ్లు గమనించాల్సింది ఆ వాడ నమూనా కాదు, ఎవరిని ఎవరి పక్కన పెట్టారన్నది. మొదట్లో అక్కడ ఏడు రకాల జీవనశైలుల ప్రకారం ఇళ్లు కేటాయించారు. అందులో ఒకటి, ఒకప్పటి డచ్చి వలస ఇండోనేసియాతో అనుబంధం ఉన్నవాళ్లకు, వాళ్ల వంటతో, వాళ్ల అలంకరణతో. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం, చిన్ననాటి భాష చివరిదాకా మిగలడం వైద్యులు తరచూ చూసే విషయం. నలభయ్యేళ్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంగ్లిషులో ఉద్యోగం చేసిన మనిషి ఒకరోజు తెలుగులో తప్ప మాట్లాడరు. పెరుగన్నం అడిగితే ఎదుటి సహాయకురాలికి అర్థం కాదు. ఆ కోపాన్ని ఫైల్లో 'దూకుడు ప్రవర్తన' అని రాసుకుంటారు. ఫ్లోరిడాలో టవారెస్ అనే చోట ఇగ్గీ ఇగ్నేషియస్ ప్రారంభించిన శాంతినికేతన్‌లో భారతీయ వంట, ప్రార్థన మందిరం ఉన్నాయి. కానీ అది ప్రధానంగా సొంతంగా తిరగగలిగే రిటైరైనవాళ్ల కాలనీ. చేతనైనప్పుడు దేవుడిగది దొరుకుతోంది, చేతకానప్పుడు మాట అర్థమయ్యే మనిషి దొరకడం కష్టంగా ఉంది.

ఈ రంగం చీకటి కోణం కూడా చెప్పుకోవాలి. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లకు కేంద్రప్రభుత్వ నిబంధనలున్నాయి, అసిస్టెడ్ లివింగ్‌కు లేవు. ఏ రాష్ట్రం చట్టం దానిది. ఒక సహాయకురాలికి ఎంతమంది అన్న లెక్క చాలా రాష్ట్రాల్లో చట్టంలో లేదు, 'తగినంత' అన్న మాటతో సరిపెట్టారు. వాషింగ్టన్ పోస్ట్ 2023లో చేసిన పరిశోధనలో, 2018 నుంచి రెండు వేల మందికి పైగా ఇలాంటి చోట్ల నుంచి ఎవరూ చూడకుండా బయటికి వెళ్లిపోయారనో, బయటే వదిలేయబడ్డారనో తేలింది. దాదాపు వందమంది చనిపోయారు. తలుపులకు అలారాలు లేక కాదు. మోగిన అలారానికి పరుగెత్తే మనిషి లేక, లేదా రోజుకు పాతికసార్లు మోగితే విని విని పట్టించుకోక. ముందు హాల్లో షాండిలియర్ వెలుగుతూ ఉంటుంది, రాత్రి పూట మొత్తం అంతస్తుకి ఒక్కరే డ్యూటీ. ఆ ఒక్కరి జీతమూ అంతంతమాత్రమే, అందుకే ఎవరూ ఎక్కువకాలం నిలవరు. డిమెన్షియా మనిషికి రోజుకో కొత్త మొహం చూడటం కన్నా కష్టం లేదు.

మన దగ్గర సంగతి? 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉంది, అంటే దాదాపు 88 లక్షల మంది. మన ఇళ్లలో దీన్ని చాదస్తం కింద కొట్టిపారేసి, మనిషి తప్పిపోయి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. సేవ దాదాపు అంతా ఇంట్లోనే, అదీ కోడలి మీదో కూతురి మీదో. స్తోమత ఉన్నవాళ్లు బ్యూరో నుంచి పన్నెండు గంటల డ్యూటీకో ఇరవైనాలుగు గంటల డ్యూటీకో కేర్‌టేకర్‌ను పెట్టుకుంటారు. ఆ అమ్మాయి పండక్కి ఊరెళ్తే ఇల్లంతా తలకిందులు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు రాష్ట్రాలు ఆశ్రమం పెట్టొచ్చంది, అందులో డిమెన్షియా ఊసు లేదు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. అవి నమూనాలే.

1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్ఐ అనే స్వచ్ఛంద సంస్థ అల్జీమర్స్ కుటుంబాలకు దేశంలో మొదటి ఆసరా. హైదరాబాద్‌లోనూ దాని శాఖ ఉంది. గత కొన్నేళ్లలో హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో అసిస్టెడ్ లివింగ్ పేరుతో ప్రైవేటు కేంద్రాలు చాలానే వచ్చాయి. వాటిలో నిజంగా శిక్షణ ఉన్న సిబ్బందితో నడిచేవీ ఉన్నాయి, పాత లాడ్జీకి రంగులేసి కొత్త బోర్డు పెట్టినవీ ఉన్నాయి. ఇలాంటి చోట ఉంచితే నలుగురూ ఏమంటారోనన్న భయం మన కుటుంబాల్లో ఇంకా గట్టిగానే ఉంది. ఆ భయంతో చివరిదాకా ఆగి, తుంటి విరిగాకనో, చూసేవాళ్లే మంచాన పడ్డాకనో, దొరికినచోట చేర్పించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

చూడటానికి వెళ్లేవాళ్లు ఉదయం పదకొండింటికి, మేనేజరు చెప్పిన వేళకి వెళ్లకండి. సాయంత్రం ఆరింటికో ఆదివారమో వెళ్లండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది, వాళ్లలో నర్సు ఎవరు, ఇక్కడ ఎంతకాలంగా పనిచేస్తున్నారు అని అడగండి. తెలుగు మాట్లాడేవాళ్లెవరో పేరు చెప్పమనండి. నిద్ర పట్టకపోతే మొదట ఏం చేస్తారో అడగండి, మాత్ర అన్న జవాబు ముందొస్తే జాగ్రత్తపడండి. ఏ పరిస్థితిలో ఖాళీ చెయ్యమంటారో, లెవెల్ పెరిగితే ఎంత పెరుగుతుందో కాగితం మీద రాయించుకోండి. గదికి లోపలి గడియ ఉందా, అవసరమైతే అది బయటినుంచి తీసే ఏర్పాటు ఉందా చూడండి. భోజనం అక్కడే ఒక పూట చేసి రండి. చాలాచోట్ల రెండు మూడు వారాలు తాత్కాలికంగా ఉంచే వీలుంటుంది, మొదట అది ప్రయత్నించండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని కుటుంబాలకు ప్రభుత్వ ఎల్డర్‌లైన్ 14567 ఉంది. ఉచితం, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఎత్తుతారు.